భీవండి దారిలో టోలు గేట్లు

సిద్దిపేటలో, మరాఠీ గడ్డ మీదున్న భీవండి పేరు తెలియని ఇల్లు ఉండదు. మా పద్మశాలీల్లో అయితే ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు అక్కడికి పోయి సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపి బతికినవాళ్ళే. ఊరికి వచ్చినప్పుడు వాళ్ళు అక్కడి కార్ఖానాల గురించి, వానల గురించి, వడాపావ్ గురించి ఎన్నో చెబుతారు. దారి గురించి మాత్రం ఎవరూ చెప్పరు. సాయంత్రం బస్సెక్కి నిద్రపోయి తెల్లారి అక్కడ లేస్తారు కాబట్టి వాళ్ళకూ తెలియదు. మొన్న చలికాలంలో నేను ఆ దారిని పగటిపూట, కారు ముందు సీట్లో కూర్చుని చూశాను. ఏం చూశానో చెప్పగలను. చూసినదాన్ని మంచి అనాలో చెడు అనాలో మాత్రం నన్ను అడగకండి.

మా అన్న నర్సింలు మీసాలు రాకముందే భీవండి పోయాడు. దీపావళి తర్వాత అన్నకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట ముద్దగా అయింది. కాస్త తేరుకున్నాక ఇంటికి తీసుకుపోవచ్చని అక్కడి డాక్టరు అన్నాడు కానీ బస్సు కుదుపులు వద్దన్నాడు. అందుకని నేనూ, సిద్దిపేటలోనే ఉండి బీడీలు చుట్టే మా వదిన బాలమణీ కలిసి మిరుదొడ్డి మల్లారెడ్డి కారు మాట్లాడుకున్నాం. మల్లారెడ్డి ఒకప్పుడు రోడ్డు కంపెనీలకు టిప్పర్లు నడిపించినవాడు. రోడ్డు మీద ఈగ వాలనివ్వడు. నేను సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెబుతాను. రోడ్లు, రవాణా పాఠం ఏటా చెప్పేదే కాబట్టి ఈ ప్రయాణంలో నాకు కొత్తగా తెలిసేదేమీ ఉండదనుకున్నాను.

దేవుడు అడ్డమొచ్చిన గేటు

ఊరు దాటి ఇంకా ఒళ్ళు సర్దుకోకముందే దుద్దెడ టోలు గేటు వచ్చింది. ముందు కార్లు ఒక్కొక్కటీ దాటిపోతున్నాయి. మా కారు దగ్గరికి వచ్చేసరికి కర్ర లేవలేదు. మిషను మా ఫాస్టాగును చదవడం లేదట. చదవకపోతే మామూలు కంటే ఎక్కువ కట్టాలట. వెనక హారన్లు మొదలయ్యాయి. మల్లారెడ్డి కిందికి దిగి అద్దం చూసి నాలుక కరుచుకున్నాడు. కొత్తగా తెచ్చిన కొమురవెల్లి మల్లన్న స్టిక్కరును సరిగ్గా ఫాస్టాగు మీదే అంటించాడు.

గోటితో గీకబోతే వెనక సీట్లోంచి వదిన కేకేసింది.

“మంచికి పోతుంటే దేవున్ని పీకుతవా? పాపం తగుల్తది!”

“పీకుతలేనక్కా, గీడికెల్లి గాడికి జరుపుతున్న” అన్నాడు మల్లారెడ్డి.

మల్లన్న ఎడమ పక్కకు జరిగాడు, కర్ర పైకి లేచింది. వదిన కోపం తగ్గలేదు.

“గిది మన రోడ్డే గద. మన రోడ్డు మీద మనం పోతే పైసలేంది?”

“మనదే. కని ఏసింది కంపెనీ. పెట్టిన పైసలు గుంజుకునేదాక గేటు ఉంటది. తర్వాత సర్కారుకు అప్పజెప్తరు.”

“మరి నేను బస్సుల పోయినప్పుడు ఎవ్వలు అడగలే?”

“అడగకుంటనే తీసుకున్నరు. టికెట్లనే కలిపి ఉంటది.”

హైదరాబాదు దవాఖానకు, పెళ్ళిళ్ళకు తిరిగిన బస్సులన్నీ వదిన మనసులో తిరిగి ఉంటాయి. వర్గల్ సరస్వతమ్మ గుడి కమాను కనబడినప్పుడు దండం పెట్టుకుని, “తల్లీ, సదువు రాకపోతే గింతే” అంది.

ఔటర్ రింగు రోడ్డు ఎక్కాక నా చదువు కూడా అక్కరకు రాలేదు. ఈ రోడ్డు సర్కారే వేసి, తర్వాత వసూళ్ళను కంపెనీకి కిరాయికి ఇచ్చిందని మల్లారెడ్డి చెప్పాడు. ఇంకొన్ని రోడ్లకు సగం డబ్బు సర్కారు, సగం కంపెనీ పెడతాయట. కొన్నింటికి అంతా సర్కారే పెట్టి, గేటు కూడా తనే పెడుతుందట.

“మరి ఏ గేటు ఏ రకమో ఎట్లా తెలుస్తుంది?” అన్నాను.

“మనకెందుకు టీచరమ్మా? కర్ర లేస్తే పోవుడే.”

పాఠంలో నేను ప్రభుత్వం, ప్రైవేటు అని బోర్డు మీద మధ్యలో గీత గీసి రెండు వరుసలుగా రాయిస్తాను. ఆ గీత ఈ రోడ్డు మీద ఎక్కడుందో ఎంత చూసినా కనబడలేదు.

జామకాయల ఈశ్వరమ్మ

జహీరాబాదు వైపు చెరుకు బండ్ల మధ్య నడిచే దారి. అక్కడ ఒక గేటు దాటగానే పక్కన గంప పెట్టుకుని ఒక నడివయసు ఆమె కూర్చుని ఉంది. జామకాయలు బాగున్నాయి. ఉప్పూకారం రాసి కోసిచ్చింది. పేరు ఈశ్వరమ్మ. మా సిద్దిపేట అంగడి ధరతో పోలిస్తే సగానికే ఇస్తోందని వదిన లోలోపల సంబరపడింది. పైకి మాత్రం బేరం ఆడింది.

ఈ గేటు ఈమె పొట్ట మీద కొట్టి ఉంటుందని నాకు నేనే అనుకుని, జాలిగా అడిగాను. “గేటు వచ్చినంక మీకు కష్టమైందా?”

“గేటు రాబట్టే బతికిన” అంది ఈశ్వరమ్మ. “బండ్లన్ని లైనుల ఆగుతుండె. కిడికీల కాడికి పోయి అమ్ముతుంటి. మధ్యాహ్నానికే గంప ఖాళీ. గా అద్దాల మీద అంటిచ్చేది వచ్చింది సూడు, గప్పటిసంది ఎవ్వలు ఆగుతలేరు. సుయ్‌మని పోతున్నరు.”

“అంటే లైనులు ఉంటేనే మంచిదా?”

“నాకు మంచిది. నీకెట్ల మంచిదైతది?”

మల్లారెడ్డి పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. జాలి ఎటువైపు చూపాలో తెలియక ఇంకో కిలో కొన్నాను.

సోలాపూర్ రొట్టె

ఆ పూట సోలాపూర్‌లో వదిన మేనత్త కూతురు లలిత ఇంట్లో దిగాం. ఆ వాడంతా మనవాళ్ళే. తలుపు తీస్తూ తెలుగులో పలకరించి, వెనక్కి తిరిగి పిల్లలను మరాఠీలో కసురుకుంటారు. మన జొన్నరొట్టె చేతిలో మెత్తగా వంగుతుంది. లలిత పెట్టిన కడక్ భాకరీ అప్పడంలా విరిగింది. దాన్ని నలిపి, పల్లీల పొడిలో నూనె పోసుకుని అద్దుకోవాలి. మేము పచ్చిపులుసు అడిగితే వాళ్ళు మజ్జిగ ఇచ్చారు.

“మంచి రోడ్డు మీద వచ్చిన్రు గద” అంది లలిత. “గది ఊరి బయటికెల్లి పడ్డంక మనోళ్ళు నేసిన చద్దర్లు కొనేటోళ్ళు ఊర్లకే వస్తలేరు. ఊరు ఉన్నదని బోర్డు సూసుకుంట పోతరు.”

దత్తు ఎడ్లు

మర్నాడు సోలాపూర్ దాటాక ఒక చోట, ఊరి పేరు రాయను, నున్నని రోడ్డు ఉన్నట్టుండి తెగిపోయింది. ఎదురుగా సగం లేచిన వంతెన. ఇనుప చువ్వలు పైకి తేలిన స్తంభాలు. వాహనాలన్నీ పక్కనున్న మట్టిదారిలోకి దిగి, చెరుకు ట్రాక్టర్ల వెనక పాకుతున్నాయి. ఇంతా చేసి అంతకుముందే గేటు దగ్గర డబ్బు కట్టి వచ్చాం. గుంటలో మా చక్రం పంక్చరైంది.

మల్లారెడ్డి చక్రం మారుస్తుంటే, పక్క చేను గట్టు మీద పచ్చి జొన్న కంకులు కాలుస్తున్న మనిషి మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టాడు. పేరు దత్తు. కాల్చిన కంకులను అరచేతుల్లో నలిపి, ఊది, వేడి గింజలు మా దోసిళ్ళలో పోశాడు. వాళ్ళు హుర్డా అంటారు. మా వైపు ఊచబియ్యం. రుచి అదే, పేరే వేరు. దత్తుతో హిందీలో మాట్లాడాం. అతని మాటలు తెలుగులో రాస్తున్నాను.

“సగంలో వదిలేసి పోయిన కంపెనీని ఏమనాలి?” అన్నాను, బడిలో పాఠం చెప్పే గొంతుతో.

“కంపెనీ వదిలేయలేదమ్మా” అన్నాడు దత్తు. “నేను ఆపాను.”

గింజలు నా నోట్లోనే ఉండిపోయాయి.

వంతెన చివరి స్తంభం, అది దిగే మట్టికట్ట పడాల్సిన జాగ అతనిదేనట. రోడ్డు పడితే చేను రెండు ముక్కలవుతుంది. బావి అవతలి ముక్కలో ఉంటుంది. ఎడ్లు అటూ ఇటూ పోవడానికి కింద చిన్న దారి పెట్టమని అడిగాడు. నక్షాలో, అంటే రోడ్డు ప్లానులో, లేదన్నారు. “సర్కారును అడిగితే కంపెనీని అడగమంటారు. కంపెనీని అడిగితే సర్కారు ఇచ్చిన నక్షా అంటారు. నేను కోర్టును అడిగాను. అప్పటి నుంచీ ఆ స్తంభాలు అట్లాగే నిలబడ్డాయి.”

జాకీ దించుతున్న మల్లారెడ్డి ఆగలేకపోయాడు. వచ్చీరాని మరాఠీలో, “ఒక్క నీ ఎడ్ల కోసం ఇన్ని బండ్లు ఆగాలా?” అన్నాడు.

“ఇన్ని బండ్ల కోసం నా ఎడ్లు ఎందుకు ఆగాలి?” అన్నాడు దత్తు, నెమ్మదిగా, మల్లారెడ్డి దోసిట్లో కూడా గింజలు పోస్తూ.

కారెక్కాక మల్లారెడ్డి దత్తును తిట్టాడు. వదిన మల్లారెడ్డిని తిట్టింది. నేను ఇద్దరి మాటకూ తలూపాను.

భీవండి

భీవండిలో మేము తిరిగిన సందుల్లో ఏ గేటూ లేదు. ఎవరూ పైసా అడగలేదు. గుంటలు మాత్రం కారును ఊయలలా ఊపాయి.

“సూడు టీచరమ్మా, ఉత్తగ పోనిచ్చే రోడ్డు గిట్ల ఉంటది” అన్నాడు మల్లారెడ్డి.

“గీడోళ్ళు పన్నులు కడుతలేరా?” అంది వదిన.

మల్లారెడ్డి స్టీరింగు మీదికి వంగి గుంటలు తప్పించడంలో మునిగిపోయాడు.

అన్న ఒక రేకుల గదిలో, గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి ఒకవైపే నవ్వాడు. రెండోవైపు కదలలేదు. చుట్టూ సాంచాల చప్పుడు నేలలోంచి కాళ్ళలోకి ఎక్కుతోంది. వదిన అన్న పక్కన కూర్చుని, పడిపోయిన చేతిని తన ఒళ్ళోకి తీసుకుని, వేళ్ళు ఒక్కొక్కటే సాగదీయడం మొదలుపెట్టింది. తెల్లారి తోటి పనివాళ్ళు వడాపావ్ తెచ్చి మాకు బలవంతంగా తినిపించారు. పప్పుకూడు మనుషులం, ఉదయాన్నే ఆలుగడ్డ బొండాను రొట్టెలో పెట్టి తినడం మాకు వింతే, కానీ పచ్చిమిరపకాయతో బాగుంది.

అక్కడుండగానే చిన్నకోడూరు నుంచి మా చిన్నాయిన ఫోను చేశాడు. “మన చేన్ల మీదికెల్లి పెద్ద రోడ్డు ఏస్తరట బిడ్డా. కంపెనీ ఏసి గేటు పెడ్తదట. నువ్వు రోడ్లన్ని సూసుకుంట పోయినవు గద. వచ్చి జర మాకు ఎరుక జెయ్యి” అన్నాడు. సరే అన్నాను. ఏం ఎరుక చేయాలో అప్పటికే నాకు ఎరుక లేదు.

తిరుగు దారి

మమ్మల్ని ఘాట్లు ఎక్కించి, కొండల్ని చీల్చుకుని పోయే ఆ పెద్ద రోడ్డు గురించి అబద్ధం చెప్పలేను. అన్న వెనక సీట్లో వదిన ఒళ్ళో తల పెట్టుకుని, కడుపులో చల్ల కదలకుండా నిద్రపోయాడు. అంత పట్టుగా వాదించిన వదినే, “గిసొంటి రోడ్డుకు ఎంతన్నా కట్టొచ్చు” అంది. మల్లారెడ్డి అద్దంలో నన్ను చూసి కనుబొమలు ఎగరేశాడు.

సోలాపూర్ ఇంకా రాకముందు, ఒక టోలు గేటు దగ్గర మా వంతు కోసం ఆగినప్పుడు అన్నకు మూర్ఛ వచ్చింది. కళ్ళు పైకి తేలాయి. ఒళ్ళంతా బిగుసుకుని కొట్టుకుంటోంది. వదిన “అయ్యో” అన్న కేకకు గేటు గదిలోని అమ్మాయి కిటికీలోంచి చూసి, కర్ర ఎత్తడం మానేసి, కిందికి పరిగెత్తి వచ్చింది. అన్నను పక్కకు తిప్పి పడుకోబెట్టమని సైగ చేసింది. ఫోనులో ఏదో అరిచింది. మా వెనక వాహనాలన్నీ హారన్లు మోగిస్తున్నా, పై అధికారి గద్దిస్తున్నా ఆమె కదలలేదు. గేటు పక్కనే నిలిపి ఉంచిన అంబులెన్సు మా దగ్గరికి వచ్చాకే ఆ అమ్మాయి తన గదిలోకి పోయింది. అంబులెన్సు మీద పెద్ద అక్షరాలతో రోడ్డు కంపెనీ పేరు రాసి ఉంది. మేము కట్టిన డబ్బులోంచే అది నడుస్తుందని దాని డ్రైవరు గణేశ్ తర్వాత చెప్పాడు. పిలిచినందుకు ఒక్క రూపాయి తీసుకోలేదు.

నేనూ వదినా అంబులెన్సులో ఎక్కాం. మల్లారెడ్డి కారులో వెనకాల వచ్చాడు. గణేశ్ గాలిలా పోనిచ్చాడు. మూర్ఛ ఒకసారి తగ్గి మళ్ళీ వచ్చింది. ఆ కంపెనీకి మనసులోనే దండం పెట్టుకున్నాను. పెట్టుకున్న కాసేపటికే రోడ్డు తెగిపోయింది. అదే సగం వంతెన.

మట్టిదారి నిండా చెరుకు ట్రాక్టర్లు. ఒకటి ఇరుసు విరిగి అడ్డంగా పడిపోయింది. సైరను ఎంత మోగినా జరగడానికి ఎవరికీ జాగ లేదు. అన్న పెదవులు నీలంగా మారుతున్నాయి. వదిన నన్ను చూసిన చూపు నేను ఇంకా మరిచిపోలేదు.

కిటికీలోంచి గట్టు మీద దత్తు కనబడ్డాడు. “దత్తు భావూ! దత్తన్నా!” అని నా శక్తికొద్దీ పిలిచాను. దగ్గరికి వచ్చి లోపలికి చూశాడు. అన్నను చూశాడు. తర్వాత అంబులెన్సు మీది పేరు చూశాడు. ఒక్క క్షణం అతని ముఖం గట్టిపడింది. మరుక్షణం పరిగెత్తి చేనుకు అడ్డం పెట్టిన ముళ్ళకంపను రెండు చేతులా లాగి పారేశాడు.

గణేశ్ వెంటనే కదలలేదు. “నీ చేలో బండి పెడితే కేసు వేస్తావు” అన్నాడు. వాళ్ళిద్దరికీ పాత గొడవ ఉన్నట్టుంది.

“వేస్తాను. తర్వాత వేస్తాను. ముందు పో!” అని అరిచాడు దత్తు.

కోతకు సిద్ధమవుతున్న జొన్నచేను మీదుగా అంబులెన్సు పోయింది. కంకులు అద్దాలకు, తలుపులకు టపటపా కొట్టుకున్నాయి. దత్తు ముందు పరిగెత్తుతూ ఎటు మెత్తగా ఉందో, ఎటు గట్టిగా ఉందో చేతులతో చూపించాడు. అవతల మళ్ళీ నున్నని రోడ్డు ఎక్కాం.

సోలాపూర్ దవాఖానలో అన్న బతికాడు. ఇంకా ఆలస్యమైతే చెప్పలేమని డాక్టరు అన్నాడు. లలిత రోజూ భాకరీ కట్టి తెచ్చింది. అన్న కుదుటపడ్డాక, ఇంటికి బయలుదేరే ముందు మల్లారెడ్డీ నేనూ వెనక్కి దత్తు దగ్గరికి వెళ్ళాం.

అతను కర్ర పట్టుకుని గట్టు మీద నిలబడి గొంతు చించుకుంటున్నాడు. అంబులెన్సు తొక్కిన చాలు మీదుగా మోటారు సైకిళ్ళు, ఆటోలు బారులు తీరి పోతున్నాయి. చేను మధ్యలో దారి పడిపోయింది.

“నష్టం ఏమైనా…” అని నేను మొదలుపెడితే చెయ్యి అడ్డం పెట్టాడు. మీ అన్న ఎట్లా ఉన్నాడని అడిగాడు. బాగున్నాడంటే ముఖం విప్పారింది. మళ్ళీ చేను వైపు చూసి, “ఇప్పుడు నేను కూడా ఒక గేటు పెట్టాలేమో” అన్నాడు.

“పెట్టు” అన్నాడు మల్లారెడ్డి. నవ్వబోయి, ఎందుకో మధ్యలో ఆపేశాడు. తనే పోయి ముళ్ళకంపను తెచ్చి చాలుకు అడ్డంగా వేశాడు. ఒక మోటారు సైకిలతను మల్లారెడ్డిని తిట్టాడు.

చిన్నకోడూరు

మేము వచ్చిన తర్వాత ఊళ్ళో రోడ్డు మీటింగు పెట్టారు. ఊరి పొలిమేరలో టెంటు వేసి, సర్వే ఆఫీసరు, కంపెనీ తరఫు మనిషి కుర్చీల్లో కూర్చున్నారు. మా చిన్నాయిన చేను అంచు పోతుంది. కొందరికి మొత్తం పోతుంది. కొందరికి రోడ్డు పక్క జాగ మిగిలి ధర పెరుగుతుంది. అన్న ఇంట్లో ఉండనంటే కుర్చీలో కూర్చోబెట్టి తెచ్చాం.

“టీచరమ్మ దేశం సూసొచ్చింది, చెప్తది వినుండ్రి” అన్నాడు చిన్నాయిన.

లేచాను. ఈశ్వరమ్మ గురించి, దత్తు ఎడ్ల గురించి, అంబులెన్సు గురించి చెప్పాను. ఘాట్లలో అన్న నిద్రపోయిన సంగతీ, వంతెన దగ్గర ఆగిపోయిన సంగతీ చెప్పాను. చెబుతున్నకొద్దీ జనం ముఖాలు ముడుచుకుపోయాయి.

“గా ముచ్చట్లు మంచిగనే ఉన్నయి. ఒప్పుకోవాల్నా వద్దా, గది చెప్పు” అన్నాడు వెనకనుంచి ఒకాయన.

“నాకు తెలుస్తలేదు” అన్నాను. నా బడి పిల్లల ముందు ఎప్పుడూ అనని మాట అది.

“చల్, గీమె అటు చెప్తది, ఇటు చెప్తది” అని నవ్వులు లేచాయి. చిన్నాయిన తల దించుకున్నాడు. నేను కూర్చున్నాను.

ఆఫీసరు లేచి, ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమన్నాడు. కొన్ని చేతులు లేచాయి. అన్న తన బాగున్న కుడిచెయ్యి ఎత్తాడు. కంపెనీ మనిషి సంతోషంగా తలూపాడు. వద్దనేవాళ్ళు ఎత్తమన్నాడు. ఇంకొన్ని లేచాయి. అన్న మళ్ళీ అదే చెయ్యి ఎత్తాడు.

టెంటంతా గొల్లుమంది. “పాపం నర్సన్నకు ఇంక తలకాయ కుదురుకాలె” అన్నారెవరో.

“పెద్దాయనా, ఏదన్న ఒక్కదానికే ఎత్తాలె” అన్నాడు ఆఫీసరు, కొంచెం మెత్తగానే.

అన్న పెదవులు కూడదీసుకున్నాడు. చాలాసేపు పట్టింది. “రెండిటికి” అన్నాడు.

మళ్ళీ నవ్వారు. సిగ్గుతో అన్న చెయ్యి మెల్లగా కిందికి దిగడం మొదలుపెట్టింది. అప్పటిదాకా ఏ మాటకూ చెయ్యి ఎత్తని మా వదిన పక్కనుంచి లేచి, ఆ మణికట్టు పట్టుకుని దాన్ని అట్లాగే పైన నిలబెట్టింది.